నూనె బొట్టు, సున్నా రీడింగు

2003 జూన్‌లో నన్ను నర్సీపట్నం దగ్గరి ఒక డిస్టిలరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుగా వేశారు. చెరకు మడ్డి నుంచి స్పిరిట్ తీశాక మిగిలే వ్యర్థజలాన్ని పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి, దాన్నుంచి వచ్చే మీథేన్ గ్యాసును బాయిలరులో మండించేవాళ్ళం. ట్యాంకుల పక్కన పంపులుండే లోతైన గొయ్యి ఒకటి ఉండేది. అందులో గ్యాసు చేరితే దిగినవాడు మళ్ళీ పైకి రాడు. కనుక ఫిట్టరు దిగాలంటే పర్మిట్ మీద నా సంతకం పడాలి. ఆ సంతకం పడాలంటే గోతి గోడకు పైనుంచి చెయ్యి అందేలా బిగించిన సెన్సారు సున్నా చూపాలి.

ఆ సెన్సారు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఒక అద్దం గుండా పంపుతుంది. మీథేన్ ఉంటే అది ఆ కాంతిని కొంత మింగేస్తుంది. ఎంత తగ్గితే అంత గ్యాసు అని లెక్క. మా గోతిలో ఆవిరి పట్టి అద్దం ఊరికే మసకబారేది. అందుకని ఒక పరిశోధనశాలవాళ్ళు ప్రయోగానికి కొత్తరకం అద్దం పంపారు. దాని మీద మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత సన్నటి మొనలు చెక్కి ఉంటాయి. తామరాకు మీద లాగా నీటి చుక్క నిలవకుండా జారిపోతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ గట్టిగా చెప్పాను.

దసరా అయిన వారానికి పంపు ఆగిపోయింది. గొలుగొండ నుంచి వచ్చే ఫిట్టరు సింహాచలం నడుముకు తాడు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. సెన్సారు మీటరు సున్నా చూపిస్తోంది. ప్రొడక్షన్ మేనేజరు పర్మిట్ పుస్తకం నా చేతిలో పెట్టి తొందరపెట్టాడు.

నాది మొదటినుంచీ అనుమానం బుర్ర. ఇంట్లో పాలు కూడా రెండుసార్లు కొలిపించేవాణ్ణి. లాగ్‌బుక్ తెప్పించి చూశాను. పండగకు ముందు ఒకటి, రెండు అంటూ కదలాడిన అంకె, ఆ తర్వాత ప్రతి షిఫ్టులోనూ సున్నాయే. గోతికి ఉన్నట్టుండి అంత బుద్ధి ఎలా వచ్చింది? పని ఆగకూడదని మేనేజరు మీటరును చెడగొట్టించాడనీ, లాగ్‌బుక్ రాసే ఆపరేటరు అప్పలనాయుడు అందుకు తోడయ్యాడనీ నమ్మేశాను. అప్పలనాయుడు నా మొహం చూడకపోవడంతో ఆ నమ్మకం గట్టిపడింది. మీకు మనుషుల మీద నమ్మకం లేదన్నాడు మేనేజరు. లేదన్నాను.

"బేగి తేల్సండి బాబూ, ఎండెక్కిపోతంది" అన్నాడు సింహాచలం.

పరీక్షకు వాడే చిన్న సిలిండరు తెచ్చి సెన్సారుకు మీథేన్ చూపించాను. అంకె కదలలేదు. గోడ సెన్సారు వచ్చాక మేము తీయడం మానేసిన చేతిమీటరును స్టోర్సు నుంచి తెప్పించి, తాడుతో గోతిలోకి దించాం. సగం దూరం పోకుండానే దాని ప్రమాద గంట మోగింది. సింహాచలం తాడు విప్పేసి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. నేను అప్పటికే పెన్ను మూత తీసి ఉంచాను.

అప్పలనాయుణ్ణి పక్కకు పిలిచి, మేనేజరు ఏం చెయ్యమన్నాడని నిలదీశాను. అతను ఏడ్చేశాడు.

"ఆరేటీ సెప్పలేదండి. ఆయుధపూజకి అన్ని మిషన్లకీ ఎట్టినట్టే ఆ అద్దానికీ బొట్టెట్టేను. నీల్లతో కలిపితే జారిపోనాది, అందుకని నూనెలో కలిపేను. మర్నాటికి అంకె పెరిగిపోనాది. తమరు తిడతారని జీరో బటన్ నొక్కీసినాను. ఆనక బయమేసి సబ్బెట్టి తుడిసీసినాను."

మీథేన్ మింగే కాంతినే నూనె కూడా మింగుతుంది. బొట్టు ఉండగా సున్నాకు సర్దిన మీటరు, బొట్టు పోయాక సున్నా కిందికి దిగిపోయింది. కానీ దాని ముఖం మీద సున్నా కింద అంకెలు లేవు. ఆ బొట్టంత గ్యాసు నిండినా అది సున్నా అనే అంటుంది.

అనుమానించినందుకు మేనేజరుకు క్షమాపణ చెప్పాను. ఆయన మన్నించలేదు, ఆయన స్థానంలో నేనున్నా మన్నించేవాణ్ణి కాదు. సింహాచలం మాత్రం ఒక్కటే అడిగాడు: "ముట్టుకుంటే ఏటవుద్దో ముందే సెప్తే మాకు బోదపడదనుకున్నారా బాబూ?"

అలాగే అనుకున్నాను. సిగ్గుపడ్డాను.

సున్నా చూపే మీటరుకు ముందు గ్యాసు చూపించి, దానికి తెలుస్తోందని రుజువయ్యాకే పర్మిట్ మీద సంతకం చెయ్యాలి. మీటరు దగ్గర పనిచేసేవాడికి వద్దన్న మాటతోపాటు ఎందుకు వద్దో కూడా చెప్పాలి. మొదటిది నాకు పుస్తకాల్లోనే దొరికింది. రెండోది తెలియడానికి ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని గోతి అంచు దాకా రావలసి వచ్చింది.