నర్సమ్మత్త ఇంట్లో ఎంతమంది

మొన్న గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే, రేషన్ దుకాణం ముందు ఎవరో గోనె సంచి విప్పుతున్నారు. ముక్కిపోయిన బియ్యం వాసన గుప్పుమంది. నర్సమ్మత్త గుర్తొచ్చింది. అత్త అంటున్నాను గానీ ఆమె మాకు చుట్టమేమీ కాదు. కామాఠిపురాలో, అంతస్తుకు వరుసగా ఒంటి గదులుండే చాల్‌లో మా పక్క గదిలో ఉండేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ సిమెంటు తట్టలు మోసింది. నేను వర్లిలో మరాఠీ బడిలో చదువుకుని, పెళ్లయి ఆ చాల్‌కు వచ్చాను. ఫారం నింపడం నాకు వచ్చు. అందులో ఏం రాయాలో ఆమెకు తెలుసు. ఇద్దరం కలిసి మా అంతస్తులో సగం మందికి రేషన్ కార్డుల దరఖాస్తులు రాసిపెట్టాం.

ఆమె పద్ధతే వేరు. ఎవరినీ జీతమెంత అని అడిగేది కాదు. "జీతమడిగితే మొగోడొక లెక్క జెప్తడు, ఆడిదొక లెక్క జెప్తది. పొయ్యి మీది గిన్నె జూడు బిడ్డా" అనేది. వాళ్ల గదిలోకి వెళ్లి, గిన్నె మూత తీసి, పూటకు ఎన్ని గ్లాసుల బియ్యం పోస్తారో అడిగేది. ఒకే గదిలో అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు, రెండు ఫారాలు. కాషాయ రంగు కేసరి కార్డు మీద నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యం. ఇంటి ఆదాయం పరిమితి దాటితే అదీ లేదు. కార్డు వస్తుందా రాదా, వస్తే ఎన్ని కిలోలు, ఎన్ని రోజులకు డబ్బా ఖాళీ అవుతుంది, అన్నీ నోటిలెక్కతోనే చెప్పేసేది. నాకు తల తిరిగిపోయేది. కుటుంబమంటే ఒక గదా, ఒక పొయ్యా, ఒక రక్తమా? అడిగితే నవ్వి, "నీకు సదువెక్కువైంది" అనేది.

పాత కార్డు రద్దయి, చివరికి తన ఫారమే తెచ్చుకుంది. అప్పటికి పని మానేసి రెండేళ్లు. కొడుకు బాలయ్య పెళ్లయ్యాక ధారావిలో గది తీసుకున్నాడు. నెల జీతం ఉద్యోగం. తల్లి దగ్గరికి పండుగకొకసారి వచ్చేవాడు, చేతిలో ఏమైనా పెడితే పెట్టినట్టు.

"ఎంతమందని రాయాలె అత్తా?"

"ముగ్గురం. నేను, నా కొడుకు, కోడలు."

"బాలన్న జీతం కలిపితే కార్డు రాదత్తా. వేరున్నడని రాద్దాం. నీ ఒక్కదానికి ఐదు కిలోలన్న వస్తయి."

"వాడు వేరు పడలే. జాగ చాలక పోయిండు. ముగ్గురని రాయి."

ఆమె పొయ్యి వైపు చూశాను. చిన్న గిన్నె. ఒక్క గ్లాసు బియ్యం, అదీ రెండు పూటలకు. ఆమె నేర్పిన లెక్క ప్రకారమే 'ఒకరు' అని రాసి, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించాను. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

కార్డు వచ్చింది. మొదటి నెల బియ్యం తీసుకుని నేరుగా మా గుమ్మం ముందుకొచ్చి సంచి దించింది.

"ముగ్గురికి పదిహేను గావాలె గదా. ఐదే ఎందుకిచ్చినవని దుకాణపోన్ని అడిగితే, కార్డుల నేనొక్కదాన్నే ఉన్ననంట."

"గిన్నె జూసి రాయమని నువ్వే జెప్తివి గదత్తా."

"మందివి జూసి రాయమన్న. నాది జూడమన్ననా? నా కొడుకును తీసేయనీకి నువ్వెవరు?"

గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. నేను ఏడ్చాను. కొన్ని రోజులకు మళ్లీ మాట్లాడింది గానీ, తన కాగితం ఏదీ నా చేతికివ్వలేదు. పోయేవరకూ ఆ ఐదు కిలోలే తిన్నది. నేను అలా రాయకపోతే అవీ ఉండేవి కావు. రాశాను కాబట్టి, తనకు కొడుకు లేడని ఒక కాగితం చెప్తుండగా బతికింది. ఏది పెద్ద తప్పో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలదు.

ఇప్పుడు ఫారాలు నింపే కేంద్రంలోనే నా ఉద్యోగం. లెక్క తొందరగా కడతానని పేరుంది. ఎవరి పేరైనా తీసేయాల్సి వస్తే మాత్రం ముందు పైకి చదువుతాను. కొందరు తల్లులు వద్దంటారు, ఉండనియ్యమంటారు. అప్పుడు కలం పక్కన పెట్టి, ఆ పేరు ఉంచితే ఎన్ని కిలోలు పోతాయో మళ్లీ మొదటి నుంచి చెబుతాను. అప్పటికీ వద్దంటే, వాళ్లు చెప్పినట్టే రాస్తాను.