చలికి నీరసించిన మందు

“‘ఆ కొండల మీద గూడ ఇట్లనే తాకుతదా ఫరీద్?’ అని వేటకు పోయే ముంగట అబూ నాసర్ అడిగిండు బిడ్డా, తూటాల డబ్బా చేతుల వట్టుకొని. నేనేమన్ననో ఎర్కనా? సేమ్ సేమ్ బాబా అన్న. గదొక్క మాట. నా నోట్ల మన్నువడ.”

ఫరీదుద్దీన్ చిచ్చాది కోరుట్ల. ఖతర్‌లో ఉమ్ సలాల్ దాటినాక ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో పంతొమ్మిదేళ్లుగా తూటాలు కడుతున్నాడు. సభ్యులు కాల్చి పడేసిన ఇత్తడి గొట్టాలు ఏరి, కడిగి, తుపాకీ మందు గింజ గింజా తూచి పోసి, పైన గుండు బిగించడం ఆయన పని. నేను ఆ క్లబ్బుకి ఏసీలు బాగుచేయడానికి వెళ్తుంటాను. ఆయన గది ఏ కాలంలోనైనా ఇరవై రెండు డిగ్రీలు దాటకూడదు. దాటితే ఫోనొస్తుంది: “యల్లా, జల్ది రారా, నా మందుకు జరమొచ్చింది.”

అది జ్వరంలాంటిదేనట. ఎండకు కాగిన మందు ఒక్కసారిగా భగ్గుమంటుంది, గుండు ఉరికిపోతుంది. చలిలో అదే మందు బద్ధకంగా అంటుకుంటుంది, గుండు నెమ్మదించి కిందికి జారుతుంది. జనవరి పొద్దున కొట్టినదానికీ ఆగస్టు మధ్యాహ్నం కొట్టినదానికీ మూడు వందల మీటర్ల దూరాన మూడు వేళ్ల తేడా. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి ఇదంతా గురికాగితాల మీద చిల్లులు కొలుచుకుంటూ నేర్చుకున్నాడు.

“మరి కొండ మీద ఎట్ల?” అన్నాను.

“ఆడ గాలి పల్చగుంటది. మనదీడ సముద్రమొడ్డు, చిక్కటి గాలి, గుండును ఆపుకుంట ఆపుకుంట పోనిస్తది. కొండ మీద ఆపేటోడు లేడు, గుండు పైకి తాకుతది. చలేమో కిందికి గుంజుతది. రెండిట్ల ఏది గెలుస్తదో ఆడికి పోయి కాగితం మీద కొడితెనే ఎర్కయితది. పోంగనే నాలుగు కాగితం మీద కొట్టు బాబా, అటెన్క జంతువు దిక్కు సూడు... గీ ముక్క చెప్పనీకె నోరు రాలే.”

“ఎందుకు రాలే చిచ్చా?”

“పంతొమ్మిదేండ్లు మాఫీ ముష్కిల్, ఏం పర్వలేదు అనుకుంట బతికినోనికి కాదనే మాట యాడికెల్లి వస్తదిరా? నీకొస్తదా? మొన్న మేనేజర్ ‘కంప్రెషర్ ఇంక ఆగది గద’ అంటే తలకాయ ఊపినవ్. నాలుగొద్దులకు ఆగింది.”

ఉన్న మాటే.

అబూ నాసర్ డెబ్బై దాటిన ఖతరీ పెద్దమనిషి. ఫరీద్ కట్టిన తూటా తప్ప వేరేది ముట్టడు. పోయినేడు చలికాలం మొదట్లో మంచు పడే దేశానికి, కొండమేకల వేటకు వెళ్లాడు. ఒక పోతు కనబడింది. భుజానికి గురిపెట్టాడు. గుండు కిందికి జారి ముందుకాలు విరిగింది. అది కుంటుకుంటూ రాళ్లలోకి పోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు.

“వచ్చి తిట్టిండా?”

“తిడితె బాగుండు. ‘నీ తూటా ఎప్పుడు తప్పలే ఫరీద్, నా చెయ్యే వణికింది, నా పని అయిపోయింది’ అన్నడు. నా భుజం తట్టి మరీ చెప్పిండు. గప్పుడన్న చెప్పాల్నా లేదా? తల వంచుకొని నిలవడ్డ. ఆ మూగజీవి ఉసురొకటి, ఈయన ఉసురొకటి.”

అప్పటినుంచి అబూ నాసర్ క్లబ్బుకి రావడం మానేశాడు. ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంటుంటాడని ఆయన డ్రైవర్ గయాజ్ చెప్పాడట. ఈ శనివారం తుపాకీని ఎవరికో ఇచ్చేస్తున్నాడని కూడా అన్నాడట. అది విన్నప్పటినుంచి చిచ్చాకు అన్నం దిగడం లేదు.

“నువ్వే పోయి చెప్పరాదు?”

“చెప్తె నౌకరి పోతది. పోతె పోనీ, యాభై తొమ్మిదొచ్చినయ్. గని ఆయన ఎదురుంగ నిలవడితె నాకు నిజం ఎల్లదు బిడ్డా. రెండుసార్లు గేటు దాంక పోయొచ్చిన. నీకు రేపు ఉమ్ సలాల్ల డ్యూటీ ఉన్నది గద?”

“ఉన్నది.”

“ఆయన ఇల్లు ఆడనే, పో. కాఫీ ఇస్తడు, వద్దనకు. తాగినంక చెప్పు: నీ చెయ్యి మంచిగనే ఉన్నది బాబా, చలికి మందే నీరసపడ్డది, ఫరీద్‌కు ముందే ఎర్కుండె, చెప్పలే అని. నా పేరు దాయకు. ఆయన నవ్వినా, కోపానికొచ్చినా, తుపాకి ఎవ్వరికియ్య అని ఆయన నోటితోని అనేదాంక ఆడికెల్లి లేవకు. పో ఇగ.”