మా నూతి నీళ్ళు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తూ కూడా తలెత్తుకునే తిరిగాను. వెనక్కి చూసుకుంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ రెండో సంగతే. మీకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు కాబట్టి. నా గురించి ఊళ్ళో అనుకునే మంచి మాటలేవీ మీ చెవిన పడలేదు. అవి విన్నవాళ్ళకి ఇది చెప్పడం కష్టం.

ముందు ఆ మంచి మాటల సంగతే చెప్పాలి. శ్రీకాకుళంలో మా బంధువులు, తెలిసినవాళ్ళు ఎవరు ఇల్లు అమ్మాలనుకున్నా మొదట నాకే ఫోన్ చేస్తారు. నేను బ్రోకర్ని కాను. కమీషన్ తీసుకోను. చీర పెడితే మాత్రం వద్దనను. నేను చేసేదల్లా ఆ ఇంటికి వెళ్ళి, వీధిలో నిలబడి, కొనడానికి వచ్చినవాడి కళ్ళతో దాన్ని చూడడం. గేటు కిర్రుమంటే బేరం అక్కడే తగ్గడం మొదలవుతుంది. హాల్లో సామాను సగం తీసేస్తే గది దానంతటదే పెద్దదవుతుంది. వంటింటి గోడ మీద నూనె మరకలు, పగిలిన స్విచ్చి, తలుపు వెనక మేకులకి వేలాడే పాత చొక్కాలు, ఇవన్నీ వచ్చినవాడితో మెల్లగా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. వాటి నోరు మూయించాలి. ఆ పని నాకు వచ్చు. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని ఇళ్ళు నా చెయ్యి పడ్డాక ఇట్టే అమ్ముడుపోయాయి. గొప్పలు చెప్పుకుంటున్నానా? అవును. ఈ విద్య గురించి చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గు లేదు. సిగ్గంతా దాన్ని నేర్చుకున్న ఇంటి దగ్గరే ఉంది.

అది మా సొంత ఇల్లు. ఎచ్చెర్ల వెళ్ళే దారిలో, ఊరి చివర, చుట్టూ ఇంకా ఖాళీ స్థలాలే ఉన్న రోజుల్లో కట్టుకున్నది. వెనక పెరడు, పెరట్లో నుయ్యి. మా ఆయనకి విజయనగరం బదిలీ అయింది. తాళం వేసి వదిలేస్తే ఇల్లు పాడైపోతుంది. త్వరగా అమ్మాలి. అలాగని వచ్చిన ధరకి వదిలేయడానికి నా మనసొప్పలేదు. ఆ ఇంటి గడపకి పసుపు రాసింది నేను, నేల మీద గచ్చు ఆరేదాకా కాపలా కూర్చున్నది నేను. దాన్ని ఎవడో పెదవి విరిచి కొనడం నేను చూడలేను.

ఇంటికి ఉన్నది ఒకటే లోపం. నూతి నీళ్ళు ఉప్పన. మేం తాగే నీళ్ళు రెండు వీధుల అవతలి కుళాయి నుంచి బిందెలతో తెచ్చుకునేవాళ్ళం. మొదట చూడ్డానికి వచ్చినాయన ఇల్లంతా మెచ్చుకుని, పెరట్లోకి వెళ్ళి, చేద వేసి ఒక పుక్కిలి నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. అక్కడే ఉమ్మేశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఉమ్మిన చప్పుడు నాకు చాలా రోజులు వినబడింది. ఇంటి మీద ఉమ్మినట్టు కాదు, నా మీద ఉమ్మినట్టు.

"నీలు ఉప్పనని ముందే సెప్పేద్దుం. కొంచెం తగ్గించుకుంటే ఏటైపోద్ది?" అన్నారు మా ఆయన.

"మీరు ఊరుకోండి" అన్నాను.

తర్వాతి వాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజున నేను చేసిన ఏర్పాటు మీకు పూర్తిగా చెప్పాలి. కుళాయి నీళ్ళు పట్టించి వంటింట్లో ఇత్తడి బిందె నింపాను. పెరట్లో చేతులు కడుక్కునే చోట డ్రమ్ము కూడా ఆ నీళ్ళతోనే నింపించాను, ఎందుకంటే ఉప్పునీళ్ళకి సబ్బు నురగ రాదు, తెలివైనవాళ్ళు అక్కడే పట్టేస్తారు. చేద తీసి అటక మీద పెట్టేశాను, తాడు తెగిపోయింది, కొత్తది తేవాలని చెప్పొచ్చు కదా అని. నూతి చుట్టూ కడిగి ముగ్గు వేశాను. అన్నీ సర్దాక గుమ్మంలో నిలబడి చూసుకున్నాను. ఇల్లు కళకళలాడుతోంది. ఎంత గర్వపడ్డానో! ఇప్పటికీ ఆ ఉదయం తలుచుకుంటే, నమ్ముతారో లేదో, ముందు ఆ గర్వమే వస్తుంది. మిగతాది దాని వెనక వస్తుంది.

వచ్చింది దమయంతి, ఆమె భర్త, వాళ్ళ చిన్న కూతురు. ఆయన వరండాలో కుర్చీ చూపిస్తే కూర్చుండిపోయారు. మొహం కాస్త ఉబ్బి ఉంది. దమయంతి నా వెనకే గదులన్నీ తిరిగింది కానీ దేన్నీ సరిగ్గా చూడలేదు. నేను అంత శ్రమపడి తుడిచిన కిటికీలు, కొత్తగా వేయించిన సున్నం, ఏవీ ఆమె కంటికి ఆనలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. వంటింట్లోకి రాగానే ఆగింది.

"అప్పా, నీలెలాగుంటాయి?" అంది, మా వైపు అక్కని పిలిచే పిలుపుతో.

"ఏ ఊరు మీది?" అన్నాను, మాట తప్పించడానికి.

"ఉద్దానం వైపు. జీడితోట ఉన్నాది, కొబ్బరి ఉన్నాది. నీలే మంచివి కావు. మా ఈధిలో ఏ ఇంటికెల్లినా కిడ్నీలు పాడైపోయినోలే. ఈనకీ మొదలైనాదన్నారు డాక్టర్లు. నీల వల్లో మరేటి వల్లో ఎవులూ తేల్చి సెప్పరు. తోట అమ్మేసి ఒచ్చేత్తన్నాం. ఇల్లు ఎలాగున్నా పరవాలేదప్పా. నీలు బాగుంటే సాలు."

ఆగండి. ఇక్కడ నేనూ ఆగాను. ఆలోచించే వ్యవధి లేకపోయిందని చెప్పుకోవడానికి లేదు, ఉంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, పిల్లని దగ్గరికి లాక్కుంది, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నిజం చెప్పడానికి అంత సమయం చాలు. మరి నన్ను ఆపింది ఏమిటి? డబ్బా? కాదు, డబ్బే అయితే ఒప్పుకోవడం సులువుగా ఉండేది. నా ఏర్పాటు అంత బాగా కుదిరింది. దాన్ని నా చేత్తో నేనే చెడగొట్టలేకపోయాను.

బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చాను.

"తాగి సూడు. మా నూతి నీలే."

దమయంతి ఒక గుక్క తాగింది. తర్వాత గ్లాసంతా తాగేసింది.

"ఓలమ్మ, కొబ్బరి నీలల్లే ఉన్నాయి!" అంది. గ్లాసు నింపించుకుని వరండాలోకి పరిగెత్తింది. "ఇవి తాగండి. ఇవి తాగి సూడండి ముందు." ఆయన తాగి, తల ఊపి, మొదటిసారి నవ్వారు. ఆ నవ్వు వెనక నేను తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

మేం అడిగిన ధరకే తీసుకున్నారు.

వాళ్ళు దిగిన మర్నాడే ఫోన్ వచ్చింది. "అప్పా, నీలు ఉప్పగా తగుల్తన్నాయి. నుయ్యి తోడించాలేటి?" అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "వానల్లేవు కదమ్మా. ఒకసారి తోడించు, సరిపోద్ది" అన్నాను. మనుషుల్ని పెట్టి తోడించారు. ఊరిన నీళ్ళు మళ్ళీ ఉప్పనే. మరోసారి తోడించారు. తర్వాత తాగడానికి డబ్బా నీళ్ళు కొనుక్కోవడం మొదలుపెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను అనుమానించాలని కూడా ఆమెకి తోచలేదు. పండక్కి వాళ్ళ ఊరి నుంచి కొబ్బరికాయలు తెప్పించి పంపించేది. తీసుకునేదాన్ని.

కొన్నేళ్ళకి ఆయన పోయారు. మా నూతి వల్ల పోయారని నేననుకోవడం లేదు. జబ్బు మా గుమ్మం తొక్కక ముందు నుంచే ఉంది, ఆ నీళ్ళు వాళ్ళు తాగనూ లేదు. ఇవన్నీ నిజాలే. ఒక్కదాన్నే కూర్చుని ఎన్నోసార్లు లెక్కేసుకున్న నిజాలు. వాటిని పట్టుకుని నేను బయటపడిపోయేదాన్నేమో, పరామర్శకి వెళ్ళకపోయి ఉంటే.

వెళ్ళాను. దమయంతి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నీ సేతిలో ఉన్నన్నాలూ తియ్యగా ఉన్న నుయ్యప్పా. నాను కాలెట్టినాను, ఉప్పనైపోనాది. మా అత్త రోజూ అదే అంతాది. నీ కాలు అలాటిదే, నువ్వెల్లిన కాడ నీలుండవు, మనిషుండడు అంతాది. నిజిమే కదప్పా?"

పక్క గదిలోంచి ఆ అత్తగారి దగ్గు వినబడుతోంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. నేను ఆమె వీపు నిమిరాను. అంతే చేశాను. నేను కప్పిపెట్టింది ఉప్పునీళ్ళని మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను చెప్పని నిజం స్థానంలో ఆమె తనలో ఒక దోషాన్ని వెతుక్కుంది. కారణం లేకుండా నీళ్ళు చెడవు కదా. కారణం నేను చెప్పలేదు, అందుకని తనే కారణమైంది.

అయినా చెప్పలేదు. ఎందుకు? అప్పటికి నాకు పేరు వచ్చేసింది. ఇంకో వింత చెబుతాను. ఆ తర్వాత నేను చక్కదిద్దిన ఏ ఇంట్లోనూ నీళ్ళ విషయంలో చిన్న మోసం కూడా జరగనివ్వలేదు. "నీళ్ళెలా ఉన్నా ఉన్నట్టు చెప్పండి, లేకపోతే నేను రాను" అనేదాన్ని. దానివల్ల నా పేరు ఇంకా పెరిగింది. ఆవిడ మాటంటే మాటే అన్నారు. విని లోపల సంతోషించాను. ఇంతకంటే దిగజారడం ఉంటుందా?

ఈ ఏడాది వానాకాలంలో దమయంతి కూతురు హేమ ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ అమ్మాయి నర్సు. శ్రీకాకుళంలో సొంతంగా చిన్న ఇల్లు కొనుక్కుంది. "పెద్దమ్మా, అమ్మ గృహప్రవేశానికి రానంతాది. తన కాలు పడితే ఇల్లు పాడైపోద్దంట. వీధిలోనే నిలబడతాదంట. నువ్వు సెప్తే ఇంతాది పెద్దమ్మా."

నేను చెబితే వింటుంది. ఆ మాట విన్నాక ఇక దాక్కోవడానికి నాకు చోటు మిగల్లేదు. మా ఆయనకి చెప్పాను. "ఎల్లు" అన్నారు. విజయనగరంలో బస్సెక్కాను.

దమయంతి ఆ పాత ఇంట్లోనే ఉంది. పెరట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో బస్సులో ఎన్నో రకాలుగా అనుకున్నాను. ఏదీ గుర్తు రాలేదు. ఆ రోజు నీకిచ్చినవి కుళాయి నీళ్ళు, ఈ నుయ్యి మేం తవ్వించినప్పటి నుంచీ ఉప్పనే, నీ కాలికీ దీనికీ ఏ సంబంధం లేదు అన్నాను. డ్రమ్ము సంగతి చెప్పాను. చేద సంగతి చెప్పాను. ఫోన్లో చెప్పింది అబద్ధమని, పరామర్శ రోజున కావాలనే నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. ఏదీ మిగల్చలేదు.

ఆమె అరుస్తుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మా అత్త పోనాది" అంది. "పోయేదాకా నన్నే అన్నాది. ఆయన కూడా... ఆయన పైకి అన్లేదు గాని, మనసులో అనుకునే ఉంతాడు. ఇప్పుడు ఆలకెవులు సెప్తారు?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎల్లిపో అప్పా."

అప్పటికీ అప్పా అనే అంది. అలవాటు కొద్దీ అన్నదో మరెందుకన్నదో తెలియదు. లేచి వచ్చేశాను.

గృహప్రవేశానికి నాకు పిలుపు రాలేదు. హేమ మళ్ళీ ఫోన్ చేయలేదు. చేయదు కూడా. ఆ పిల్లకి తల్లి అంతా చెప్పి ఉంటుంది, చెప్పాలి కూడా. కానీ వెళ్ళివచ్చిన మా బంధువొకావిడ మాటల్లో మాటగా అంది, వీధిలో అందరూ ఆగి ఉండగా దమయంతి ఎవరూ చెప్పకుండానే ముందుకు నడిచిందట. కూతురి కంటే ముందు, పురోహితుడి కంటే ముందు, కుడికాలు లోపల పెట్టిందట. "ఏటి దాని ధైర్యం!" అని ఆవిడ నవ్వింది.

నేను నవ్వలేదు. గర్వపడ్డాను. ఆమెను చూసి. అలా గర్వపడే హక్కు నాకు లేదని తెలుసు, తెలిసే పడ్డాను.