శాలువాతో పాటు పోయిన విమానం

మా బాపు గోదావరిఖని బొగ్గు గనిలో వడ్రంగిగా పనిచేసి రిటైరయ్యాడు. నేను పాఠాలు చెప్పే బడిలో సైన్సు గది కోసం మూడు నెలలు కూర్చుని టేకు చెక్కతో జెట్ విమానం బొమ్మ చేశాడు. మిలిటరీ పైలట్లు నేర్చుకునే రకం విమానం అది. గనిలో కొత్తవాళ్ల వెంట పాతవాళ్లు ఉన్నట్టే, ముందు నేర్చుకునేవాళ్లకు, వెనక నేర్పేవాళ్లకు రెండు సీట్లు పెట్టాడు. పిల్లలు పట్టుకుని చూస్తారని రెక్కల అంచులు నున్నగా రుద్దాడు.

ఈ రోజు ఆ గది ప్రారంభోత్సవం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పెద్దపల్లి నుంచి వచ్చిన ముఖ్య అతిథికి శాలువా కప్పాక చూస్తే, మెమెంటో తేవడం అందరూ మరిచిపోయారు. మా హెడ్మాస్టరు బల్ల మీదున్న విమానం తీసి ఆయన చేతుల్లో పెట్టేశాడు. ఫొటో కూడా దిగారు.

స్టేజి దిగగానే అడిగాను. "సార్, అది మా బాపు పిల్లల కోసం చేసిండు గదా."

"ఏం జేద్దాం మేడం, పెద్దమనిషిని ఉత్త చేతులతోని ఎట్ల పంపుతం? మీ బాపు ఇంకోటి చేస్తడు గదా."

బండి మీద ఇంటికి వస్తుంటే బాపు ఒక్కటే అడిగాడు. "రెండు సీట్లు ఎందుకని ఆ వచ్చిన పెద్దమనిషి అడిగిండా బిడ్డా?"

అడిగాడని అబద్ధం చెప్పాను.

మీ దగ్గర మెమెంటో మరిచిపోతే ఏమిస్తారో చెప్పండి. మా హెడ్మాస్టరు కుర్చీ కూడా టేకుదే. వచ్చేసారి దాన్ని అతిథి కారులో పెట్టించే బాధ్యత నాది.