మన కూతలు, వాడి కూత

గురజాలలో కబడ్డీ సంగతులన్నీ పురుగుమందుల కొట్టులో తేలతాయి. కొట్టు యజమానిని అందరూ శెట్టిగారంటారు. మా ఊరి జట్టుకు జెర్సీలు కుట్టించేదీ, పోటీలకు ఆటోలు మాట్లాడేదీ ఆయనే. కాబట్టి ఎవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు కూడా తనదేనని ఆయన నమ్మకం. నేను విలేకరిని. సాయంత్రం వార్తలు పంపేశాక అటు వెళ్లి, మందు డబ్బాల మధ్య వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగడం చాలా ఏళ్ల అలవాటు. అక్కడ మాట్లాడేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు గనక నేను వినేవాణ్ణి.

మొన్నటి శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచీ ఆ కొట్టులో ఒకటే వాదన. రైడర్ కుర్రాణ్ణి ఉంచాలా, తీసెయ్యాలా?

కుర్రాడికి ఇరవై దాటి ఉంటాయి. నాపరాళ్లు కోసే మిషను దగ్గర పని. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో ప్రాక్టీసు చేసేవాడు. నడకకు వెళ్లినప్పుడు నేను ఆగి చూసేవాణ్ణి. ఎదుటి జట్టు బరిలోకి ఒంటరిగా దూరి, ఒక్క ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అంటూ, మూలనున్నవాడి పాదాన్ని వేలికొసతో తాకి, పట్టుకునేలోపు జారి వెనక్కి వచ్చేసేవాడు. ఆ వేళకి గ్రౌండులో ఆడేవాళ్లూ, నాలాంటి ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లూ, కాకులూ తప్ప ఎవరూ ఉండరు. ఇలాంటి రైడర్ మా ఊళ్లో పుట్టి చాలా కాలమైందని అందరం అనుకున్నాం. ఉన్న పాత రైడర్‌ని పక్కన పెట్టి మరీ వీణ్ణి జట్టులోకి తెచ్చారు.

తీరా పోటీల్లోకి దిగాక కథ అడ్డం తిరిగింది. కబడ్డీలో రైడర్ కూత ఆపకూడదు. ఆగితే ఔట్, పాయింటు అవతలి జట్టుకు. మా కుర్రాడు వెళ్లిన పోటీలన్నిటిలోనూ అదే జరిగింది. అవతలివాళ్లు ముట్టుకోకుండానే రిఫరీ విజిల్ వేసేవాడు. "కూత లేదు, ఔట్."

"ప్రాక్టీసులో పులి, పోటీలో పిల్లి," అన్నారు శెట్టిగారు గ్లాసు బల్ల మీద పెడుతూ. "జనాన్ని చూడంగానే గొంతెండిపోతంది వాడికి. ఇంక నావల్ల కాదబ్బాయా."

"నీకు పురుగులకేం మందు కొట్టాలో తెలుసు గానీ మనుషులకి తెలవదు శెట్టీ," అన్నాడు లారీ డ్రైవరు. సిమెంటు లోడు దించి వస్తే ఇంటికంటే ముందు కొట్టుకే వస్తాడు. కుర్రాడిది వాళ్ల వీధే. చుట్టరికం లేకపోయినా మామా అని పిలుస్తాడు. "వాడికి ధైర్యం కావాల. ఎనక మనం ఉన్నామని తెలవాల."

"ఎట్టా తెలిపిద్దామంటావ్?"

"డప్పులు పెడదాం."

అలా డప్పులు వచ్చాయి. మొదట ఒక జోడు, తర్వాత రెండు. కుర్రాడు గీత దాటగానే డప్పు మోగేది, ఈలలు లేచేవి. శెట్టిగారు కుర్చీ ఎక్కి, ఎడమకు పో, కాలు తియ్యి, ఎనక్కి రా అని అరిచేవారు. ఎంత మోగిస్తే అంత తొందరగా రిఫరీ విజిల్ పడేది. ధైర్యం ఇంకా చాలలేదని మావాళ్లు ఇంకా గట్టిగా వాయించేవారు.

ఒకరోజు శెట్టిగారు కుర్రాణ్ణి కొట్టుకు పిలిపించారు. రాతి దుమ్ముతో తెల్లబడ్డ చొక్కాతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నిజం చెప్పు. కూత ఎందుకాపుతన్నావ్?"

కుర్రాడు ఏదో అన్నాడు.

"ఏందీ?"

మళ్లీ అన్నాడు. దగ్గరగా ఉన్నాను గనక నాకు వినపడింది. "ఆపలా బాబాయ్."

"ఔటైన ప్రతోడూ అదే అంటాడు," అన్నారు శెట్టిగారు. "మామూలు మాటే రెండుసార్లు అడిగితే గానీ రాదు, ఇంక నీకు కూతేం వచ్చిద్దిరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుర్రాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే శెట్టిగారు కృష్ణా నదికి అవతలి ఒడ్డు రైడర్ ఒకడికి ఫోన్ చేశారు. బయటి ఆటగాణ్ణి ఒకణ్ణి తెచ్చుకోవచ్చని, ఆ శని ఆదివారాల్లో జరిగే రెంటచింతల పోటీల్లో రూలు ఉంది. అందరం వినాలని స్పీకర్ పెట్టారు.

"నేనొస్త అన్నా," అన్నాడు అవతలివాడు. "గని వచ్చి పక్కకు కూసునుడు నాతోని కాదు. ఆడిపిస్తనంటెనే వస్త."

"ఆడిపిస్తాం. నువ్వు ఆదివారం రా."

డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అంటే కుర్రాడి పని అయిపోయినట్టేనా? ఒకసారి జెర్సీ విప్పితే వాడు మళ్లీ గ్రౌండు మొఖం చూడడు శెట్టీ. నాకు తెలుసు వాడి సంగతి."

శెట్టిగారు అందరి ముందూ మాట ఇచ్చారు. శనివారం గట్టెక్కితే, ఆదివారం సెమీఫైనల్ కుర్రాడితోనే మొదలుపెడతారు. ఒక్కసారి కూత పోయిందా, దిగిపోతాడు. ఫోన్లో మాట్లాడినవాడు ఎక్కుతాడు. ఆ తర్వాత ఇక జట్టులో చోటు లేదు. డ్రైవరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేమీ లేదు.

శనివారం ఆటలోనూ కుర్రాడు అలాగే ఔటయ్యాడు. మిగతావాళ్లు బాగా పట్టడంతో జట్టు గట్టెక్కింది. ఈసారి మాత్రం శెట్టిగారు రైడ్ మొత్తాన్నీ ఫోన్లో వీడియో తీశారు. ఆదివారం పొద్దున కొట్టు తెరవగానే డ్రైవర్ని పిలిచి, కుర్రాణ్ణి కూడా పక్కన నిలబెట్టి, ఫోన్ ముందు పెట్టారు.

"చూడండి. కళ్లతో చూడండి. యాడ ఆగిందో మీరే చెప్పండి."

చూశాం. డప్పు మోగుతోంది. డప్పు మీదుగా ఒక గొంతు. "ఎడమకి! ఒరేయ్ ఎడమకి! కాలు తియ్యి! ఎనక్కి రారా నీయబ్బ!" రిఫరీ విజిల్. వీడియో అయిపోయింది.

"ఎవుడా అరిచేది?" అన్నాడు డ్రైవరు, తెలిసే.

శెట్టిగారు సౌండు పెంచి మళ్లీ పెట్టారు. ఈసారి ఆయన గొంతు ఇంకా బాగా వినపడింది. మూడోసారి డ్రైవరు ఫోన్ లాక్కుని, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, కుర్రాడి మొహం దగ్గర ఆపాడు. పెదవులు ఆడుతున్నాయి. కొంచెం ముందుకు జరిపాడు. ఆడుతున్నాయి. విజిల్ పడ్డాక కూడా ఆడుతూనే ఉన్నాయి.

"ఆపలా," అన్నాడు డ్రైవరు మెల్లగా. "వాడు ఆపనే లేదు శెట్టీ. మన కూతలు ఎక్కువై వాడి కూత రిఫరీకి వినపడలా."

"డప్పులు తెచ్చింది నువ్వు గదయ్యా!"

"గొంతు నీది గదా!"

ఎవరి మోత ఎక్కువో ఇద్దరూ చాలాసేపు తగువు పడ్డారు. చివరికి శెట్టిగారు కుర్రాడి వైపు తిరిగి, "ఇంకాస్త గట్టిగా అనొచ్చు గదరా," అన్నారు. కుర్రాడు అక్కడే, మందు బస్తాల మధ్య ఊపిరి పట్టి గట్టిగా కూత పెట్టాడు. పెట్టినంతసేపు లేదు, తెగిపోయింది. "గట్టిగా అంటే ఊపిరి చాలదు బాబాయ్. చిన్నప్పట్నుంచీ ఇట్టాగే," అన్నాడు. ఇంతలో జట్టు ఆటో హారన్ కొట్టడంతో ఎక్కి వెళ్లిపోయాడు. కృష్ణ అవతలి రైడర్ అప్పటికే బస్సులో బయలుదేరానని మెసేజ్ పెట్టాడు.

ఆటో వెళ్లాకే డ్రైవరుకి ఆలోచన తట్టింది. వాడు గొంతు పెంచలేకపోతే మనం తగ్గించాలి.

రెంటచింతలలో ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. హైస్కూలు గ్రౌండులో మూడు గంటలకే మట్టి మీద నీళ్లు చల్లుతున్నారు, చల్లినవి చల్లినట్టే ఆరిపోతున్నాయి. మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చిన ఊరి జనం ఒకవైపు, అవతలి జట్టు తాలూకు మాచర్ల జనం ఒకవైపు, మేము ఒకవైపు. మావాళ్లు ఆటోల్లో, ఒక ట్రాక్టర్లో వచ్చారు. శెట్టిగారు ట్రాక్టరు దగ్గరికి వెళ్లి చేతులెత్తారు.

"ఇయ్యాల ఎవురూ నోరెత్తొద్దు. కుర్రాడు కూతకెళ్తే ఈల కూడా వెయ్యొద్దు."

"కబడ్డీకొచ్చి నోరు మూసుకోమంటావేంది బాబాయ్? ఇదేమన్నా చావా?" అన్నాడెవడో ట్రాక్టర్లోంచి.

"పిలిచి తెచ్చి వాయించొద్దంటారా?" అన్నాడు డప్పు పెద్దాయన. "ఎండలో కాగబెట్టి మరీ బిగించుకున్నా."

"గెలిచాక వాయించు పెద్దాయనా. అప్పుడు చెయ్యి నొప్పిపుట్టేదాకా వాయించు."

ఎవరినీ నమ్మలేక, ముందుగా తననే నమ్మలేక, శెట్టిగారు భుజం మీద తువ్వాలు తీసి నోటికి అడ్డంగా కట్టుకున్నారు. గొణుక్కుంటూ అందరూ కూర్చున్నారు.

ఆట మొదలైంది. కుర్రాడు గీత దాటాడు. మావైపు చడీచప్పుడు లేదు. రెండడుగులు వేసినవాడు ఆగి, మావైపు తిరిగి చూశాడు. ఎవరూ అరవడం లేదు. శెట్టిగారు నోటికి గుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నారు. కుర్రాడు ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చేశాడు. రెండోసారీ అంతే. బెంచీ మీద, ఎర్ర బూట్లు వేసుకొచ్చిన కృష్ణ అవతలి రైడర్ లేసులు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమైంది వీడికి?" అని తువ్వాలు కిందికి లాగి గుసగుసగా అడిగారు శెట్టిగారు.

డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. "ఊరందరికీ చెప్పాం గానీ వాడికి చెప్పలా! మనం అలిగామనుకుంటన్నాడు. ఆశ వదిలేసుకున్నామనుకుంటన్నాడు."

మా కెప్టెన్ టైమవుట్ అడిగేదాకా ఆగి, అడగ్గానే డ్రైవరు గీత దాకా పరుగెత్తాడు. ఏం చెప్పాడో నాకు అక్కడికి వినపడలేదు. చెవి చూపించాడు, తర్వాత మా అందరినీ చూపించాడు. కుర్రాడు మావైపు చూశాడు. డప్పు పెద్దాయన డప్పును ఒళ్లో బోర్లించి, రెండు చేతులూ దాని మీద పెట్టి చూపించాడు.

అక్కడి నుంచి ఆట కొంచెం కొంచెంగా మారింది. కుర్రాడు ఒక పాయింటు తెచ్చాడు, తర్వాత ఇంకొకటి. మాచర్లవాళ్లు సంగతి పసిగట్టి అరుపులు పెంచారు. "ఏందిరా, గురజాలోళ్లకి గొంతులు పడిపోయినయ్యా? మందేమన్నా తాగొచ్చారా కొట్లోది?" శెట్టిగారి మెడ నరాలు ఉబ్బాయి. డ్రైవరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. మా పక్కనుంచి జవాబు లేదు. జవాబు చెప్పేవాడు లేనప్పుడు ఎంతసేపని అరుస్తారు? కాసేపటికి వాళ్ల అరుపులు పలచబడ్డాయి. ఎందుకు ఇంత నిశ్శబ్దంగా ఉందో తెలియక ఊరి జనం కూడా మాటలు ఆపారు.

చివరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మిగిలింది ఒక్క రైడ్, అది మాది. కెప్టెన్ మా బెంచీ వైపు చూశాడు. ఎర్ర బూట్లతను లేచి నిలబడ్డాడు. శెట్టిగారు అటు చూడలేదు. కుర్రాడి వైపు చూపించి తల ఊపారు.

కుర్రాడు వెళ్లాడు. మూలనున్నవాడి వైపు కాలు చాచాడు. వాడు వెనక్కి జరగకుండా ముందుకు దూకి చీలమండ పట్టేశాడు. మరొకడు నడుము పట్టాడు. కుర్రాడు బోర్లా పడ్డాడు. మధ్య గీత చేతికి అందేంత దగ్గరలో లేదు. ఇద్దర్నీ ఈడ్చుకుంటూ మోచేతుల మీద పాకుతున్నాడు. మట్టి లేస్తోంది.

అప్పుడు వినపడింది. సన్నగా, పక్కింట్లో కుట్టుమిషను నడుస్తున్నట్టు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. ఇన్నాళ్లలో ఒక్క పోటీలోనూ మేమెవరం వినని కూత అది.

అవతలి కెప్టెన్ చెయ్యెత్తాడు. "ఆగింది సార్! కూత ఆగింది!"

రిఫరీ మోకాలి మీద కూర్చుని, చెవి నేల వైపు వంచాడు. విజిల్ పెదవుల మధ్యనే ఉంది. ఊదలేదు. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఆగలా. వినపడతానే ఉంది."

కుర్రాడి వేలు గీత దాటింది.

పట్టుకున్న ఇద్దరూ ఔట్. మేము గెలిచాం. అయినా ఒక్క క్షణం పాటు మావైపు ఎవరూ అరవలేదు. నోరు మూసుకోవడం అలవాటైపోయి, తెరవొచ్చని తోచలేదు. ముందుగా డప్పు లేచింది. ఎర్ర బూట్లతను లేసులు విప్పుకుంటూ, "గీ పిలగాడుండంగ నన్నెందుకు పిలిచిన్రన్నా," అన్నాడు. శెట్టిగారు అప్పటికే గీత దగ్గరికి వెళ్లి, కుర్రాడి మోచేతుల నెత్తురును తన తువ్వాలుతోనే తుడుస్తున్నారు.

ఫైనల్లో ఓడిపోయాం. మర్నాడు కొట్టులో వాదన మా ఎడమ మూల ఆటగాడి మీదికి మళ్లింది. అయితే అంతకుముందు శెట్టిగారు ఫోన్ తీసి ఆ చివరి రైడ్ పెట్టారు. కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. డ్రైవరు లోపలికి రమ్మని కుర్చీ చూపించాడు. వీడియోలో కూత మొదటి నుంచి చివరిదాకా వినపడుతోంది. మధ్యలో ఒకచోట మాత్రం, గొంతు నులిమినట్టు, ఒక వింత మూలుగు.

"అదేంది?" అన్నాడు డ్రైవరు.

"అది నేనేలే," అన్నారు శెట్టిగారు. "తువ్వాలు లోపల నుంచి."

కుర్రాడు ఏదో అన్నాడు. ఈసారి ఏందీ అని అడగకుండా అందరం వాడి వైపు వంగాం. డ్రైవరు చెయ్యి చాచి, ఫోన్లో సౌండు తగ్గించాడు.