విల్మత్తయ్య కొలిచిన జంట నక్షత్రాలు

మాత్రా కొండల మీది మా వేధశాలలో విల్మత్తయ్య ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకటే పని చేసింది. వయసు మళ్లి ఉబ్బిపోయిన పెద్ద నక్షత్రాల వెలుగును కొలిచి గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టేది. ఒంటరి నక్షత్రమైతే ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, చుక్కలు అలలా లేచి పడతాయి. పక్కనే ఇంకో నక్షత్రం ఆనుకుని తిరుగుతుంటే ఆ లాగుడికి ఊపు అణిగిపోతుంది, చుక్కలు వరసగా కూర్చుంటాయి. అప్పుడు అత్తయ్య పక్కన "ఏమీ లేదు" అని రాసేది. పెళ్లికి ముందు తన మొగుడు దెజో కూడా తెగ ఊగేవాడనేది. దెజో గారు ఆ మాటకు కూడా కదిలేవారు కారు.

అన్నేళ్లలో ఒక్క పరిశోధన వ్యాసంలోనూ ఆమె పేరు అచ్చు కాలేదు. తనకేం పట్టదన్నట్టు ఉండేది కానీ, పత్రిక కొత్త సంచిక రాగానే పేర్లన్నీ వేలు పెట్టి వెతికేది. అది చూస్తే ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసే నాకు ఒళ్లు మండేది.

ఇంకో రెండు నెలల్లో రిటైరవుతుందనగా ఒక జంట నక్షత్రం ఊగింది! మా వేధశాల పెద్ద ఒట్టో గారు భోజనాలయ్యాక ఆ కాగితం చూసి, ఇలాంటిది లోకంలో ఎవరికీ దొరకలేదన్నారు. వ్యాసంలో మొదటి పేరు విల్మదేనని అందరి ముందూ చెప్పేశారు.

మర్నాడు అత్తయ్య సాపు ప్రతి రాస్తుంటే లెక్క కుదరలేదు. పుస్తకంలో పద్నాలుగు కొలతలున్నాయి, కాగితం మీద పంతొమ్మిది చుక్కలు. గోటితో గీకితే అయిదు ఊడొచ్చాయి. నాలిక మీద వేసుకుంది. నల్ల గసగసాలు. కాగితం ముందు పెట్టుకుని గసగసాలు చల్లిన తీపి సేమియా తిన్నదాని ఫలితం. చక్కెరా వెన్నా పట్టి అంటుకుపోయాయి.

"నోరు మూసుకుని ఊరుకో అత్తయ్యా, నీ పేరు పడనీ" అన్నాను. నిజంగానే అన్నాను, సిగ్గేమీ లేదు.

ఆమె తిన్నగా ఒట్టో గారి గదిలోకి వెళ్లింది.

"అయ్యా, మీ అలలో అయిదు చుక్కలు నా మధ్యాహ్నం భోజనం."

"మిగతావో?"

"అవి నావే. వాటిలో ఏమీ లేదు."

నాలుగో రోజు ఒట్టో గారే వచ్చి, ఇలా ఏమీ లేనివి ఇంకెన్ని ఉన్నాయని అడిగారు. అత్తయ్య పాత పుస్తకాలన్నీ దించింది. రెండు వందల పద్నాలుగు దగ్గరి జంటలు, ఒక్కటీ ఊగలేదు. ఇన్నిటిని ఇంతవరకూ ఎవరూ లెక్కగట్టి చూపలేదట, వ్యాసం వాటి మీదే వచ్చింది, మొదటి పేరు ఆమెదే.

తన పేరు రెండుసార్లు చదువుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాత మొహం మాడిపోయింది.

"ఇన్నాళ్లూ తప్పు దొర్లితే ఒట్టో గారిదయ్యేది. ఇకమీదట నాదే కదే."

రిటైరైన మరుసటి సోమవారం బస్సెక్కి వచ్చి, మొదటి జంట నుంచి మళ్లీ కొలవడం మొదలుపెట్టింది.