ఎక్స్‌పోజర్‌కి తెలుగు మాట

ఫిల్మ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా డబ్బింగ్ సినిమాలకు తెలుగు మాటలు రాస్తున్నాను. వేరే భాషలో కదిలిన పెదవులకు తెలుగు అతికించడం నా పని. తెర మీద పెదవి మూసుకున్న చోట ప, బ, మ లలో ఏదో ఒకటి పడాలి. అర్థం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని నాకో గర్వం ఉండేది. అది కాస్తా ఎలుకల సినిమా దగ్గర దిగిపోయింది.

సినిమా అంటే పెద్దదేం కాదు, పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీ. ఫ్యాక్టరీల్లో, షెడ్డుల్లో వాడే రసాయనాలకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉందా అని ఎలుకల మీద ఏళ్ల తరబడి చేసిన పరిశోధన గురించి. కాయకష్టం చేసే ఆడవాళ్లకు చూపించడానికి ఒక మహిళా సంఘం వాళ్లు దాన్ని తెలుగులోకి తెమ్మన్నారు. మాటలు సరిచూడటానికి ఒక శాస్త్రవేత్త వస్తారని చెప్పారు. అలాంటి పరిశోధనలోనే జీవితమంతా గడిపి, రిటైరై, వెంగళరావు నగర్‌లో ఉంటున్నారట.

ఆవిడ ముందే ఒక షరతు పెట్టారు. సినిమాలో ఒక కార్మికురాలు ఆ ఎలుకల పరిశోధన గురించి చెప్పే భాగం ఉంది. దానికి డబ్బింగ్ ఆర్టిస్టు తియ్యటి గొంతు వద్దు, నిజంగా అలాంటి పని చేసే మనిషి గొంతే కావాలన్నారు. నాకు వెంటనే మా స్టూడియో కింది సందులో రంగుల షెడ్డు నడిపే ఆమె గుర్తొచ్చింది.

ఆమె సినిమా బట్టలకు రంగులద్దుతుంది. అంతకంటే గొప్ప విద్య ఇంకొకటుంది, కొత్త బట్టను పాతది చేయడం. జూబ్లీ హిల్స్ షాపులో నిన్న కొన్న చీర చేతికిచ్చి, పదేళ్లు పొలంలో కట్టినట్టు కనబడాలంటే మధ్యాహ్నానికల్లా చేసి పెడుతుంది. చెమట మరక ఎక్కడ తేలుతుందో, కొంగు ఎక్కడ పిగులుతుందో, బిందె ఆనించే నడుము దగ్గర రంగు ఎంత వెలుస్తుందో ఆమెకు కొట్టిన పిండి. తెర మీద పేదరికం చూసి మనం కళ్లు తుడుచుకుంటే, అందులో సగం ఆమె చేతి పనే. రంగులు, థిన్నరు, పేరు కూడా తెలియని డబ్బాల్లోని మందులు, అన్నిట్లోనూ వట్టి చేతులే ముంచుతుంది. గ్లౌజులు తొడుక్కుంటే బట్ట చెప్పే మాట వినబడదట.

అంతకు నెల కిందట ఆమె నాకొక సంగతి చెప్పింది. ఎడమ రొమ్ములో, చంక వైపు, బఠాణీ గింజంత గడ్డ చేతికి తగులుతోందని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి పదమంటే కదల్లేదు.

"రంగులకే వచ్చిందంటరక్కా. పని బంద్ చెయ్యమంటరు. ఈ పని తప్ప నాకేమొస్తది?"

బతిమాలాను, కేకలేశాను, అలిగి రెండు రోజులు మాట్లాడటం మానేశాను. ఒక్క పాచికా పారలేదు. ఆమెను డబ్బింగ్‌కి పిలవడంలో నా దొంగబుద్ధి కూడా ఉంది. ఎలుకల సంగతి విని హడలిపోయైనా డాక్టరు దగ్గరికి వస్తుందని ఆశ.

రికార్డింగ్ రోజు పొద్దున్నే శాస్త్రవేత్తగారు ఆటో దిగారు. నేత చీర, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. చూడగానే ఏదో స్కూల్లో లెక్కల టీచరనుకున్నాను. మైకు ముందు రంగులామె నిలబడి నేను రాసిన మొదటి వాక్యం చదివింది. "చిన్న వయసులోనే ఎక్స్‌పోజ్ అయిన ఆడ ఎలుకల్లో గడ్డలు ఎక్కువగా కనిపించాయి." చదివి ఆగి, గది అద్దం అవతల కూర్చున్న నా వైపు అనుమానంగా చూసింది.

"అక్కా, ఎలుకలు గూడ ఎక్స్‌పోజింగ్ చేస్తయా?"

సౌండ్ ఇంజనీరు కుర్చీలోంచి పడబోయాడు. మా పేటలో ఆ మాటకు ఉన్నవి రెండే అర్థాలు. కెమెరామన్‌కి వెలుతురు సంగతి, మిగతా అందరికీ హీరోయిన్ బట్టల సంగతి. ఇరవై ఏళ్లు ఇక్కడే మాటలమ్ముకుని బతుకుతున్న నాకు అది తట్టకపోవడం చూడండి. సిగ్గుతో చచ్చిపోయాను. శాస్త్రవేత్తగారు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. తర్వాత ఆమెతో, మంచి పని చేశావమ్మా, ఇది ఇలాగే బయటికి పోతే చిన్న బట్టలు వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని సైన్సే చెప్పిందని జనం చాటేవాళ్లని అన్నారు.

ఇక వేట మొదలైంది. నేను "బహిర్గతమైన" అన్నాను. ఎలుకలు అప్పటిదాకా అజ్ఞాతంలో ఉన్నాయా అని అడిగారావిడ. "గురైన" అంటే పేపరులో దాడి వార్తలా ఉందన్నారు. "సోకిన" అంటే అంటురోగమనుకుని పక్కింటివాళ్లు దూరం జరుగుతారన్నారు. నా సంచి ఖాళీ అయింది. అప్పుడు రంగులామె, ఇంతకీ ఆ మందు ఎలుకలకెట్లా పోయిందని అడిగింది. తిండిలో, నీళ్లలో, కొన్నిసార్లు గాలిలో అని ఆవిడ చెప్పారు.

"అంటే తగిలింది. గంతే గద మేడం? ఎండ తగుల్తది, గాలి తగుల్తది, రంగు తగుల్తది."

శాస్త్రవేత్తగారు పెన్ను తీసి నా స్క్రిప్టు మీద స్వయంగా రాశారు: మందు తగిలిన ఎలుకలు, మందు తగలని ఎలుకలు. ఇంత తేలిక మాట నాకు రాలేదే అని కుళ్లుకున్నాను, ఒప్పుకుంటాను.

అక్కడితో ఆగలేదు. నేను నాలుగు చోట్ల "కచ్చితంగా" అని రాస్తే నాలుగూ కొట్టేశారు. మందు తగలని ఎలుకలకూ గడ్డలు వస్తాయి, తగిలినవాటికి ఎన్ని ఎక్కువ వచ్చాయో చూడాలి, ఎలుకలో కనిపించింది మనిషిలో కూడా అంతే అని చెప్పేయకూడదు, అలాగని పట్టించుకోకుండా వదలకూడదు అన్నారు. ఇంత చప్పటి డైలాగుకి ఎవరు జడుస్తారని నాకు లోపల మంటగా ఉంది. నాకు కావలసింది జడిపించడమే కదా.

ఎలుక ఒంట్లో గడ్డ ఉందని ఎట్లా తెలుస్తుందని రంగులామె అడిగింది. ఆవిడ ఎడమ అరచేతిని గిన్నెలా వంచి, అందులో లేని ఎలుకను పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో మెడ నుంచి తొడ దాకా నెమ్మదిగా తడిమి చూపించారు. ప్రతి ఎలుకనూ ప్రతి వారం అలాగే చూడాలట. ఆ వేళ్లు కదిలిన తీరు నేను మరిచిపోలేను. బట్ట మీద రంగులామె వేళ్లూ అలాగే కదులుతాయి.

రంగులామె హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది.

"నాకు రంగులు తగలవట్టి పదిహేనేండ్లాయె మేడం. నా రొమ్ముల గడ్డ ఉంది. గీ రంగులకేనా?"

ఇంజనీరు చప్పుడు చేయకుండా లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ అవుననాలని నేను కోరుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నిజం అక్కర్లేదు.

"తెలీదమ్మా," అన్నారావిడ. "ఒక మనిషి గడ్డ ఫలానాదాని వల్లే అని నేను చెప్పలేను. కానీ గడ్డ చూపించుకోడానికి అది తెలియక్కర్లేదు." ఇందాకటి రెండు వేళ్లూ ఎత్తి చూపించారు. "నా ఎలుకలకి వారం వారం నేను చూసేదాన్ని. నీకెవరు చూశారు?"

రంగులామె ఇంజనీరును లోపలికి పిలవమంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిగిలిన భాగమంతా ఒక్క టేకులో చదివేసింది. తర్వాత, పోదాం పదమంది.

ముగ్గురం ఆ మధ్యాహ్నమే వెళ్లాం. ఆసుపత్రి కౌంటరులో ఏం సమస్య అని అడిగితే, పక్కన మగవాళ్లున్నారని గొంతు తగ్గించకుండా, రొమ్ములో గడ్డ అని చెప్పింది. నేనైతే ఛాతీలో నొప్పని గొణిగి గుండె డాక్టరు దగ్గర తేలేదాన్ని.

క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికిందన్నారు. ఆపరేషను, మిగతా వైద్యం, జుట్టు ఊడటం, అన్నీ గడిచాయి. పని మానెయ్యమని ఎవరూ అనలేదు. చేతులు కాపాడుకోమన్నారు, గాలి ఆడేలా చూసుకోమన్నారు. ఇప్పుడు షెడ్డులో రెండు ఫ్యాన్లున్నాయి. మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని, బట్ట మాట వినబడ్తలేదని వాటిని తిడుతూనే పని చేస్తుంది. ఆమె కింద పనిచేసే ఆడవాళ్లెవరూ గ్లౌజులు లేకుండా తొట్టి దగ్గరికి పోవడానికి వీల్లేదు. శాస్త్రవేత్తగారు అప్పుడప్పుడు టిఫిన్ డబ్బాతో వచ్చి డబ్బాల మీద లేబుళ్లు చదివి పెడతారు. తెలియనిదాన్ని తెలియదనే చెబుతారు. ఆ ఒక్క మాటకే ఆవిడంటే నాకు ఎనలేని గౌరవం.

మొన్న షెడ్డుకి వెళ్లి, నీ అంత ధైర్యం నేనెక్కడా చూడలేదని ఆమెను పొగడటం మొదలుపెట్టాను. ఆమె వింటూ వింటూ గ్లౌజులు విప్పింది.

"ఎలుకలకు మేడం చూసింది. నాకు డాక్టరమ్మ చూసింది. నీకెవరు చూసిన్రక్కా?"

నాకు యాభై ఆరేళ్లు. ఆ సినిమాలో మాటలన్నీ రాసింది నేనే. నేను మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా చూపించుకోలేదు. ఆమె షెడ్డుకి తాళం వేసి, ఆటోని ఆపి, నాకంటే ముందు ఎక్కి కూర్చుంది.